ప్రస్థానం మూట

శుక్రవారం పొద్దున్న పదిన్నరకు విశాఖపట్నం విమానం. అంతకు ముందు రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది పెద్దగా ఆలోచించవలసిన సంగతే కాదనుకున్నారు సన్యాసిరావు మాస్టారు, డాక్టర్ కాత్యాయని ఆ మాట మూడోసారి ఎత్తేదాకా.

మొదటిసారి సోమవారం, వరండాలో ఎదురుపడినప్పుడు. "ఆఖరి రాత్రి ఇక్కడే కదా మాస్టారూ?" అంది నవ్వుతూ. రెండోసారి మంగళవారం భోజనాల దగ్గర. పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళో లాడ్జీలు బాగుండవనీ, దోమలనీ చెప్పింది. బుధవారం తనే స్వయంగా టీ పట్టుకుని గదిలోకి వచ్చింది. వచ్చిన ఇన్నాళ్ళలో ఆవిడ చేతి టీ అదే మొదటిది. అందులో చక్కెర కూడా ఆయనకు కావలసినంతే ఉంది. అది ఎవరిని అడిగి తెలుసుకుందా అని ఆయన కప్పు వంక చాలాసేపు చూశారు.

ఒప్పందం కాగితం ఆయన పెట్టెలోనే ఉంది. ముప్పైతొమ్మిది రాత్రులు నిద్ర పరిశోధన కేంద్రంలో పడుకోవాలి. నలభయ్యో రాత్రి మాత్రం "దాత తన ఇష్టమొచ్చిన చోట గడపవచ్చు" అని తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. ఆ వాక్యం ఎందుకు రాశారో ఆయనకు అప్పుడు బోధపడలేదు. ఇప్పుడూ పడలేదు. కానీ కాగితంలో నీ ఇష్టం అని రాసినదాన్ని నోటితో మూడుసార్లు అడిగితే, అందులో ఏదో ఉందన్నమాట.

ఆమదాలవలసలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఈ ద్వీపానికి రావడానికి కారణం ఆయన నిద్ర. పడుకుంటే ఏడు గంటలు దుంగలా పడుకుంటారు. రైలు మీదనుంచి పోయినా లేవరని భార్య వరహాలమ్మ ఊరంతా చెప్పేది. ఆమె పోయిన మూడేళ్ళకు పత్రికలో ప్రకటన కనబడింది: కదలకుండా నిద్రపోయేవారు కావలెను. నవ్వుకుంటూనే ఉత్తరం రాశారు.

ఇక్కడ జరిగేది బయటికి చూస్తే చాలా చిన్న పని. రాత్రి నర్సు వచ్చి ఉల్లిపొరంత పలచటి రేకు ఒకటి ఆయన దిండు గలీబులోకి తోస్తుంది. దాన్ని అందరూ పొర అంటారు. కరెంటు లేదు, తీగలు లేవు, తల వెచ్చదనం చాలు. ఆయన నిద్ర తీరంతా ఆ పొరలోకి ఎక్కుతుంది. పాలలో మజ్జిగ చుక్క వేసినట్టు, ఆ పొరను మరొకరి తల కింద పెడితే వాళ్ళకూ నిద్ర తోడుకుంటుంది. మేడ మీది వార్డులో నిద్ర పూర్తిగా చచ్చిపోయిన రోగులు ఆరుగురున్నారు. మందుకు లొంగని జబ్బు. నిద్ర లేక నెలల్లోనే పోతారు. వాళ్ళ కోసం ఈ పొర.

అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ వార్డు మెట్లు ఆయన్ను ఒక్కసారి కూడా ఎక్కనివ్వలేదు. ముందు వచ్చిన తొమ్మిదిమంది దాతలు ఎక్కడివాళ్ళని నర్సును అడిగితే, "అందరూ బాగున్నారండీ" అంది. ఎలా ఉన్నారని ఆయన అడగనేలేదు.

అన్నిటికన్నా ముఖ్యం కల. వరహాలమ్మ పోయినప్పటినుంచి రోజూ తెల్లవారుజామున ఆయనకు ఒకటే కల. ఆమె తలవైపు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "పడుకోండి, నేను లేచే ఉన్నాను" అంటుంది. అంతే. ఆ మాటతో మెలకువ వస్తుంది. మూడేళ్ళు ఆయన బతికింది ఆ ఒక్క మాట మీదే. ద్వీపానికి వచ్చాక కల పలచబడింది. పదిరోజులుగా గ్లాసు చప్పుడు మాత్రమే వినిపిస్తోంది, మనిషి రావడం లేదు. ఆ మాట చెబితే కాత్యాయని పుస్తకంలో రాసుకుంది. రాసుకుని కిటికీ వంక చూసింది.

*

కేంద్రం గేటు ఎదురుగా నూకాలమ్మ టిఫిన్ బడ్డీ ఉంది. భావనపాడు వైపునుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చిన కుటుంబం. ఆవిడ ఇడ్లీ పెట్టేటప్పుడు ఒకటి ఎక్కువే పెట్టి, పెట్టలేదన్నట్టు మొహం తిప్పుకుంటుంది. మాస్టారికి ఆ తిప్పుకోవడం ఇష్టం.

"శుక్రవారమేటి బాబూ పయనం?" అంది బుధవారం మధ్యాహ్నం. "శుక్రవారం పడమటేపు శూల గదా!"

విశాఖపట్నం ఇక్కడికి వాయవ్యం అవుతుందని చెప్పబోయి ఊరుకున్నారాయన. "టికెట్టు వాళ్ళు తీశారమ్మా."

"ఆళ్ళకేటి తెల్సు? పస్తానం ఎట్టీండి. ఇయ్యాల నాలుగింటికి మంచి గడియ. మీరు రోజూ వాడుకునే బట్ట ఒకటి మూటగట్టి మా గుమ్మంలో ఎట్టేస్తే, అప్పుడికి మీరు బయల్దేరిపోయినట్టే. ఎల్లేటప్పుడు మూట చంకనెట్టుకుని ఎల్లిపోండి. ఎనక్కి మాత్రం తీసుకెల్లకూడదు."

వరహాలమ్మ కూడా ఇంతే. ఆయన ఏ పరీక్షల డ్యూటీకి వెళ్ళినా ముందురోజే పక్కింటి అరుగు మీద ఆయన తువ్వాలు పెట్టి వచ్చేది. ఆయన నవ్వేవారు. ఇప్పుడు నవ్వబుద్ధి కాలేదు.

గదికి వెళ్ళి చూస్తే బట్టలన్నీ పెట్టెలో సర్దేసి ఉన్నాయి. చేతికి అందింది దిండు గలీబు. ఇంటినుంచి తెచ్చుకున్నదే. మూల మీద వరహాలమ్మ కుట్టిన మందారం, దారం చాలక సగం ఎరుపు, సగం నారింజ. దాన్నే మడిచి తువ్వాల్లో మూటకట్టి తీసుకెళ్ళారు.

నూకాలమ్మ ఇల్లు ఒకటే గది. ఆవిడ భర్త ఎర్రయ్య గోడకు చేరబడి కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి. నిరుడు వానాకాలంలో వాళ్ళ ఇంజను పడవ తిరగబడింది. డీజిల్ డబ్బా పట్టుకుని రెండు రాత్రులు సముద్రంలో తేలాడు. కునుకు పడితే చెయ్యి జారిపోతుందని కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. ఒడ్డున పడ్డాడు గానీ, ఆ తెరుచుకున్న కళ్ళు మళ్ళీ మూతపడలేదు.

"మూట ఎక్కడెట్టనే?" అన్నాడు ఎర్రయ్య.

"నీ తలకాడ ఎట్టు. నువ్వెలాగూ పడుకోవు గదా, కాపలా కాయి" అంది నూకాలమ్మ. ముగ్గురూ నవ్వారు.

*

గురువారం తెల్లారేసరికి కేంద్రంలో గోలగోలగా ఉంది. మాస్టారు స్నానానికి వెళ్ళి వచ్చేటప్పటికి ఆయన పెట్టె మంచం మీద తెరిచి ఉంది. బట్టలు ఒక్కొక్కటే విప్పి చూస్తోంది నర్సు. గుమ్మంలో కాత్యాయని.

"పొర ఎక్కడుంది మాస్టారూ?"

"అది మీ దగ్గర కదా ఉండాలి? రోజూ పొద్దున్నే తీసుకుపోతారు."

"ఆఖరి వారం దాన్ని కదపకూడదు. గలీబులోనే ఉంచాం."

"నాకు చెప్పలేదే."

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "ఎవరైనా మిమ్మల్ని కలిశారా? ఏదైనా ఇస్తామన్నారా?"

ఆ ప్రశ్న ఆయన చెంప మీద కొట్టినట్టయింది. తను ఆవిణ్ణి దొంగ అనుకుంటున్నారు. ఆవిడ తనను దొంగ అనుకుంటోంది. రాత్రి దిండుకు కేంద్రం వాళ్ళ తెల్ల గలీబు తొడిగి ఉంటే, పొర కూడా అందులోనే పెట్టి ఉంటారని ఆయన పట్టించుకోలేదు. అది ఎక్కడుందో ఈ క్షణాన తెలిసింది. చెప్పలేదు. చెప్పులు తొడుక్కుని గేటు దాటారు.

బడ్డీ మూసి ఉంది. ఇంటి గుమ్మంలో నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందేమోనని ఆయన కంగారుపడ్డారు.

"అరవకండి బాబూ" అంది గుసగుసగా. "పడుకున్నాడు."

ఎర్రయ్య మూట మీద తల పెట్టుకుని, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఒక చెయ్యి చాప మీద వెల్లకిలా పడి ఉంది, వేళ్ళు విప్పుకుని. ఏమీ పట్టుకోని చెయ్యి.

పదిన్నరకు లేచాడు. లేచి చాలాసేపు అరచేతుల వంక చూసుకున్నాడు. తరవాత మాస్టార్ని చూసి చెప్పాడు.

"ఎవలో ఒకావిడొచ్చినాది బాబూ. నా తలకాడ గలాసెట్టినాది. పడుకోండి, నేను లేచే ఉన్నాను అన్నాది. అంతే, మరి భయమెయ్యనేదు. సముద్రం ఉన్నాది గానీ, ఆవిడ లేచే ఉన్నాది గదా."

మాస్టారు అతని పక్కనే చాప మీద కూర్చున్నారు. "ఇంకా?"

"మరేటంటే..." ఎర్రయ్య నూకాలమ్మ వంక చూసి తడబడ్డాడు. "ఆవిడికి ఒంట్లో బాగోనేదు బాబూ. గోడట్టుకుని నడిసినాది. రెండడుగులేసి ఆగుతాది. ఊపిరందక. సిన్న రేకు డబ్బా మూత తీసి మాత్రేసుకున్నాది. సప్పుడవకుండా మూత కొంగుతో పట్టుకుని మరీ తీసినాది. ఎవలో లేస్తారని."

"నా కలలో అది ఎప్పుడూ లేదు" అన్నారు మాస్టారు. ఎవరితో అన్నారో ఆయనకే తెలియదు.

మూడేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున వరహాలమ్మ వంటింటి గడపకు చేరబడి, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఏ జబ్బూ లేదు, హఠాత్తుగా పోయిందని ఆయన అందరికీ చెప్పారు. తనూ అదే నమ్మారు. పదో రోజు తరవాత పోపుల డబ్బా వెనక చిన్న రేకు డబ్బాలో తెల్ల మాత్రలు దొరికితే, గ్యాసు మాత్రలనుకుని పారేశారు. కెమిస్ట్రీ మాస్టారు. కనీసం వాసన కూడా చూడలేదు.

ఎర్రయ్యను మళ్ళీ చెప్పమన్నారు. మొదటినుంచి, ఏదీ వదలకుండా. అతను చెప్పాడు. నూకాలమ్మ లేచి వెళ్ళి, అడక్కుండానే ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

*

గలీబులోంచి పొర తీసి జేబులో పెట్టుకున్నారు. మూట వెనక్కి తీసుకెళ్ళకూడదు కాబట్టి గలీబును మళ్ళీ తువ్వాల్లో కట్టి అక్కడే ఉంచారు.

మాస్టారు కాత్యాయని బల్ల మీద పొరను పరిచినప్పుడు ఆవిడ రెండు చేతులూ దాని మీద పెట్టింది, ఎగిరిపోతుందేమో అన్నట్టు.

"ఇందులో ఉన్నది నా నిద్ర కాదు" అన్నారాయన. "మా ఆవిడ."

"తెలుసు" అంది కాత్యాయని.

"ఎప్పటినుంచి?"

"మూడో వారం నుంచి. వార్డులో ఆరుగురికీ ఆవిడే వస్తోంది. వాళ్ళకు తెలుగు రాదు. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నారు." ఆవిడ తల ఎత్తలేదు. "మనిషి పడుకున్నా చెవి పడుకోదు మాస్టారూ. మీ ఇంట్లో ముప్పై ఏళ్ళు రాత్రిపూట ఏం జరిగిందో మీ చెవి వింటూనే ఉంది. మీ దాకా చేరనివ్వలేదు, అంతే. తొమ్మిదిమంది నిద్రలు తీసుకున్నాం, ఒక్కటీ పట్టలేదు. మీది పట్టింది. ఎందుకో మా యంత్రాలు చెప్పలేదు. ఆ వార్డులో ఒక ముసలాయన చెప్పాడు. ఎవరో మేలుకుని ఉన్నారంటేనే మనిషి నిద్రపోతాడట."

"అయితే ఆయాసం సంగతి కూడా చెప్పుంటారు."

"చెప్పారు."

"నన్ను మెట్లెక్కనివ్వనిది అందుకా?"

"భార్య పోయిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను?"

ఇన్నాళ్ళూ ఆయన ఆ మెట్ల దగ్గర తలుపు చూసినప్పుడల్లా దాని వెనక ఏదో ఘోరం ఉందనుకున్నారు. ఉంది. కానీ దాన్ని మూసిన చెయ్యి ఆయన అనుకున్నట్టు లేదు. అలాగని పూర్తిగా నమ్మబుద్ధి కావడమూ లేదు.

"ఈ రాత్రి సంగతి చెప్పండి" అన్నారు. "ఈసారి ఏదీ దాచకుండా."

చెప్పింది. నలభయ్యో రాత్రి ఇక్కడి యంత్రాల మధ్య పడుకుంటే పొర నిండుతుంది. నిండితే ఎన్ని నకళ్ళయినా తీయవచ్చు. కానీ ఆ కల ఆయనకు మళ్ళీ రాదు, గ్లాసు చప్పుడు కూడా. బయట ఎక్కడ పడుకున్నా మిగిలిన సగం ఆయన దగ్గరే ఉంటుంది. కొన్నాళ్ళకు మళ్ళీ నిండుగా రావచ్చు కూడా. పొర మాత్రం పదిరోజుల్లో చచ్చిపోతుంది. దాతకు తెలిసి, ఇష్టపడి చేస్తేనే చేయాలని పైవాళ్ళు పట్టుబట్టి ఆ వాక్యం రాయించారు.

"నాకు తెలియకుండానే జరిగిపోయేది, మూటగాని కట్టకపోతే."

ఆవిడ మొహం ఎర్రబడింది. "అవును" అంది.

"జ్ఞాపకం?"

"పోదు. కలే పోతుంది."

"అంతేనా?"

"నాకు తెలిసినంతవరకు."

"తెలియనిది?"

"అది నాకూ తెలియదు మాస్టారూ."

ఈ జవాబు ఒక్కటే ఆయనకు నచ్చింది.

*

మధ్యాహ్నమంతా వరండాలో కూర్చున్నారు. విమానాశ్రయం దగ్గర లాడ్జీ ఉంది. నూకాలమ్మ చాప పరుస్తానంది. "మూటొక కాడ, మడిసొక కాడానా? మా ఇంట్లోనే పడుకోండి" అని కబురు చేసింది. అక్కడ పడుకుంటే కొన్నాళ్ళకు వరహాలమ్మ వస్తుంది. ఈసారి గ్లాసు పెట్టి వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళు విప్పి చూడవచ్చు. గోడ పట్టుకున్న చెయ్యి చూడవచ్చు. చూసి ఏం చేస్తారు? కలలో లేచి కూర్చోబెట్టగలరా? మళ్ళీ ఆమే అంటుంది, పడుకోండి అని. మళ్ళీ ఆయన పడుకుంటారు.

ఎర్రయ్య చెయ్యి గుర్తొచ్చింది. ఏమీ పట్టుకోకుండా విప్పుకున్న వేళ్ళు.

అయిదింటికే ద్వీపం మీద పొద్దు గుంకిపోతుంది. ఆ లోపలే లేచి కాత్యాయని గదికి వెళ్ళారు.

"ఇక్కడే పడుకుంటాను. రెండు షరతులు. మొదటి నకలు ఎర్రయ్యకు. రేపు నేను బయల్దేరేలోపు, నా కళ్ళముందు. రెండోది, రాత్రి నా గదిలో నూకాలమ్మ కూర్చుంటుంది."

"నామీద నమ్మకం లేదా?"

"లేదమ్మా" అన్నారాయన నెమ్మదిగానే.

ఆవిడ అలిసిపోయినట్టు నవ్వింది. "పొద్దున్న నాకూ మీమీద లేదు లెండి."

నూకాలమ్మ వస్తూ వస్తూ కారం పూసిన జామకాయ ముక్కలు తెచ్చింది. "ఇంటి దగ్గర ఎర్రయ్య ఒక్కడే ఉంటాడా?" అని మాస్టారు అడిగితే, "నాను మెలకువగానే ఉంటాను గదా, ఇంటికి తాళం కూడా అక్కర్నేదు అన్నాడు బాబూ, ఎకసెక్కెం" అంది. కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని, యంత్రాల వంక ఒకసారి, నర్సు వంక ఒకసారి అనుమానంగా చూసి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

తెల్లని గలీబు మీద తల పెట్టి ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎప్పటిలాగే ఇట్టే నిద్ర పట్టింది. తరవాత చాలాకాలం ఆయన ఆ సంగతికే సిగ్గుపడ్డారు.

*

లేచేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. కల లేదు. గ్లాసు చప్పుడు లేదు. నిన్నటిదాకా అది ఉండే చోటు ఎక్కడో కూడా తెలియడం లేదు, పన్ను ఊడిన చోటును నాలుకతో వెతుక్కున్నట్టు తడుముకున్నారు. వరహాలమ్మ మొహం గుర్తుందా అని చూసుకున్నారు. ఉంది. మందారం కుడుతూ సూది గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకున్న మొహం. గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

తలవైపు బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది.

ఉలిక్కిపడి లేచారు. కుర్చీలో నూకాలమ్మ, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మీకు దగ్గొచ్చినాది బాబూ, దాహమేస్తాదేమోనని ఎట్టినాను."

ముప్పైయొక్క ఏళ్ళ కాపురంలో ఏ ఒక్క పొద్దునా ఆయన నోటినుంచి రాని మాట అప్పుడు వచ్చింది.

"రాత్రి కాసేపయినా పడుకున్నావా అమ్మా?"

"నానేటి పడుకోడం? ఆల్లేటి సేస్తారో సూడొద్దూ?" అని, ఆయన మొహం చూసి కంగారుపడింది. "పగలు పడుకుంటాన్లెండి. అదేటి బాబూ, ఏడుస్తన్నారు?"

తొమ్మిదింటికి కారు సిద్ధమైంది. కాత్యాయని తనే నకలు తీసుకుని ఎక్కింది. రాత్రంతా యంత్రం దగ్గర నిలబడే ఉన్నట్టుంది, చీర నలిగిపోయింది. నూకాలమ్మ ఇంటి ముందు ఆపారు. ఎర్రయ్య ఎర్రటి కళ్ళతో ఎదురొచ్చాడు.

మాస్టారు మూట విప్పి, కొత్త పొరను తన చేత్తోనే గలీబులోకి తోశారు. నకలు నిజమైనదేనా, ఇంకేదన్నా అంటగట్టారా అన్న అనుమానం ఇంకా ఒక మూల మిగిలే ఉంది. ఎర్రయ్య పడుకున్నాడు. అయిదు నిమిషాలు. పది. మాస్టారు అతని చేతి వంకే చూస్తూ నిలబడ్డారు. చాప అంచు పట్టుకున్న వేళ్ళు ఒకటొకటే వదులయ్యాయి. మొదట చిటికెన వేలు.

"వొచ్చినాది" అన్నాడు ఎర్రయ్య నిద్రలో.

ఆమె ఎలా ఉంది అని అడగాలనిపించింది. అడగలేదు. ఇక అది అడిగి తెలుసుకునే సంగతి కాదు.

చప్పుడు కాకుండా బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే నూకాలమ్మ వెనకాలే వచ్చింది. "బాబూ, మూట మరిసిపోతన్నారు!"

"మరిచిపోలేదమ్మా. ఆయన తల కింద ఉంది కదా."

"శుక్రవారమండీ! పడమటేపు! పస్తానం మూట నేకుండా ఎల్తారా ఎవలైనా?"

"లేపుతావా మరి?"

నూకాలమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది. గురక వినిపిస్తోంది. ఆయన వంక చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది.

కారులో కాత్యాయని కిటికీ అద్దానికి తల ఆనించి ఉంది. ఆయన పక్కన కూర్చునేటప్పటికే నిద్రపోయింది. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. చూస్తే ఏ పరీక్షలప్పుడో తెల్లవార్లూ చదివి, క్లాసులో బల్ల మీద వాలిపోయిన పిల్లలా ఉంది. మలుపులో ఆవు అడ్డం నిలబడి ఉంటే డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు. మాస్టారు ముందుకు వంగి అతని భుజం పట్టుకున్నారు.

"వద్దు బాబూ. అదే వెళ్తుంది. టైము సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. "నేను మెలకువగానే ఉన్నాను."